ఎల్‌సీడబ్ల్యూఓ: మోర్స్‌ను చెవికి నేర్పే ఉచిత సేవ

హామ్ రేడియో (అభిరుచిగా నడిపే రేడియో) పరీక్షకు సిద్ధమవుతున్నవారూ, లైసెన్సు చేతికి వచ్చాక మాటల సంభాషణతో తృప్తిపడక సీడబ్ల్యూ, అంటే మోర్స్ సంకేతాలతో సాగే సంభాషణ, వైపు రావాలనుకునేవారూ ముందుగా అడిగే ప్రశ్న మోర్స్ కోడ్‌ను దేనితో నేర్చుకోవాలన్నదే. ఫోను యాప్‌లు, కంప్యూటరు ప్రోగ్రాములు, వీడియో పాఠాలు, చుక్కలూ గీతలూ అచ్చువేసిన పట్టికలు కావలసినన్ని దొరుకుతున్నాయి. వాటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను సంకోచం లేకుండా చెప్పే పేరు ఎల్‌సీడబ్ల్యూఓ. 'లర్న్ సీడబ్ల్యూ ఆన్‌లైన్' అన్న పూర్తి పేరుకు అవి పొడి అక్షరాలు. జర్మనీకి చెందిన ఒక హామ్ (అభిరుచిగా రేడియో నడిపే వ్యక్తి) 2008లో ప్రారంభించిన ఈ సేవ బ్రౌజరులోనే నడుస్తుంది. రుసుము లేదు, ప్రకటనల బెడద లేదు, ఏ ప్రోగ్రామునూ దింపుకోనక్కరలేదు. ఒక ఖాతా తెరుచుకుంటే మన పాఠాలూ ఫలితాలూ అందులో నిలిచి ఉంటాయి. ఒకప్పుడు ప్రతి పట్టణంలోనూ తంతి కార్యాలయం ఉండేది, అక్కడ మోర్స్ తెలిసిన ఉద్యోగి ఒకరైనా దొరికేవారు. 2013 జూలైలో టెలిగ్రాం సేవే ముగిసిపోయిన తరువాత, ఎదురుగా కూర్చుని నేర్పే మనిషి అందుబాటులో లేని ఊళ్ళే మనకు ఎక్కువ. అటువంటి చోట ఒంటరిగా నేర్చుకునేవారికి ఈ సేవ విలువ మరింత పెరిగింది.

అయితే దీన్ని తెరిచి, అది చూపిన అమరికలతోనే మొదలుపెట్టి ముందుకు సాగితే మన దేశపు అభ్యర్థికి పూర్తి ఫలితం దక్కదు. అందుకు కారణం మన పరీక్ష స్వరూపం. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం, 30 మెగాహెర్ట్జ్‌కు దిగువ బ్యాండ్లను (రేడియో పౌనఃపున్య శ్రేణులను) వాడే హామ్‌లకు మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధనను సడలించి, నిర్ణయాన్ని ఆయా దేశాలకే వదిలింది. అమెరికా 2007 ఫిబ్రవరిలో ఆ పరీక్షను పూర్తిగా తీసివేసింది. మన 1978 నాటి అమెచ్యూర్ సర్వీసు నిబంధనల కింద రిస్ట్రిక్టెడ్ గ్రేడు లైసెన్సుకు మోర్స్ అక్కరలేదు గాని, జనరల్ గ్రేడుకు కావాలి. నిమిషానికి 8 పదాల వేగంతో ఐదు నిమిషాలపాటు వినిపించే 200 అక్షరాల పాఠాన్ని రాసుకోవాలి, అదే వేగంతో పంపగలగాలి కూడా. పదానికి సగటున ఐదు అక్షరాలు, ఒక్కో అంకె రెండు అక్షరాలతో సమానం అన్నది లెక్క. తప్పులు ఐదుకు మించితే ఉత్తీర్ణత లేదు. అంటే నూటికి 97.5 వంతుల కచ్చితత్వం కావాలి. ఎల్‌సీడబ్ల్యూఓ మాత్రం నూటికి 90 వంతులు సరిగా వస్తే తరువాతి పాఠానికి వెళ్ళమంటుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఎడాన్ని ఎప్పుడు, ఎలా పూడ్చుకోవాలన్నది అభ్యర్థి ముందే తెలుసుకుని ఉండాలి.

ఎనిమిది పదాలన్న ఆ వేగమే మనవారిలో చాలామందిని తప్పుదారి పట్టిస్తోందని నా నిశ్చితాభిప్రాయం. పరీక్షలో ఎనిమిదే కదా అని అక్షరాలను కూడా ఎనిమిది పదాల వేగంలోనే నెమ్మదిగా వింటూ నేర్చుకుంటారు. మోర్స్ వేగాన్ని 'పారిస్' అన్న పదంతో కొలుస్తారు. దాన్నీ దాని వెనుక వచ్చే ఖాళీనీ కలిపి పంపడానికి 50 డిట్‌ల కాలం పడుతుంది (చుక్క శబ్దాన్ని డిట్ అనీ, గీత శబ్దాన్ని డా అనీ అంటారు). ఆ లెక్కన నిమిషానికి 8 పదాల వేగంలో ఒక డిట్ 150 మిల్లీసెకన్లు, 20 పదాల వేగంలో 60 మిల్లీసెకన్లు. 'డా-డి-డా' అని వినిపించే కె అక్షరం మొదటి వేగంలో 1.35 సెకన్లు సాగుతుంది, రెండో వేగంలో అర సెకను దాటగానే ముగుస్తుంది. సెకనుకు పైగా సాగే శబ్దం వింటూ మనసు ఊరుకోదు. ఒక పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు అని లెక్కపెట్టి, పట్టికలోని బొమ్మను గుర్తుతెచ్చుకుని, ఆ తరువాతనే అక్షరం రాస్తుంది. ఎనిమిది పదాల దగ్గర ఈ వెతుకులాటకు వ్యవధి చాలుతుంది కాబట్టి పరీక్ష ఎలాగో గట్టెక్కుతుంది. పది, పన్నెండు పదాల దగ్గర ఆ వ్యవధి చాలదు. అక్కడ ఏళ్ళ తరబడి నిలిచిపోయి, చివరికి మోర్స్ పంపే కీని పక్కన పెట్టేసిన హామ్‌లు మన మధ్య ఎందరో ఉన్నారు. వారికి చెవి లేకపోవడం కాదు సమస్య, చెవికి మొదటి రోజునే లెక్కపెట్టే అలవాటు పడిపోవడం.

మృదంగం నేర్చుకునేవారు త, ధి, తొం, నం అన్న జతి అక్షరాలను మొదట చెవికీ నోటికీ పట్టించుకుంటారు గాని, ఏ వేలు ఎంతసేపు చర్మం మీద ఉందో కొలుస్తూ కూర్చోరు. మోర్స్ అక్షరం కూడా అలాగే ఒకే ముక్కగా చెవిలో దిగాలి. 1930లలో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త లుడ్విగ్ కోచ్ రూపొందించిన పద్ధతికి మూలం ఇదే. మొదటి రోజునుంచే పూర్తి వేగంతో అక్షరాలు వినిపించాలి, అయితే రెండు అక్షరాలతోనే మొదలుపెట్టాలి. ఆ రెండూ పదింట తొమ్మిదిసార్లు సరిగా పట్టుకోగలిగిన తరువాత మూడోది కలపాలి. వేగం స్థిరంగా ఉంటుంది, అక్షరాల సంఖ్య పెరుగుతూ పోతుంది. దీనికి తోడు అమెరికన్ హామ్ రస్ ఫార్న్స్‌వర్త్ పేరుతో ప్రసిద్ధమైన మరో ఉపాయం ఉంది: అక్షరాన్ని వేగంగానే పంపి, అక్షరాల మధ్య ఖాళీని పెంచడం. ఎల్‌సీడబ్ల్యూఓ ఈ రెండింటినీ కలిపింది. అమరికల పేజీలో అక్షర వేగం, వాస్తవ వేగం (ఖాళీలతో కలిపిన వేగం) అని రెండు అంకెలు విడివిడిగా పెట్టుకోవచ్చు. ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ రెండు గళ్ళే.

మన అభ్యర్థి మొదటి గడిలో 20, రెండో గడిలో 8 పెట్టుకోవాలని నా సలహా. లెక్క వేస్తే, అక్షరం 20 పదాల వేగంతో చటుక్కున వినిపించి, దాని వెనుక దాదాపు 0.9 సెకను నిశ్శబ్దం ఉంటుంది. అదే మామూలు 20 పదాల వేగంలో ఆ ఖాళీ 0.18 సెకను మాత్రమే. అక్షరం లోపల లెక్కపెట్టడానికి సందు లేదు, రాసుకోవడానికి మాత్రం కావలసినంత తీరిక ఉంది. పరీక్ష ముగిసిన తరువాత వేగం పెంచాలంటే ఖాళీని కుదించుకుంటూ పోతే చాలు. నేర్చుకున్న శబ్దాలను మరిచి మళ్ళీ కొత్తగా నేర్చుకోవలసిన దుస్థితి రాదు. ఖాళీ మరీ పొడుగైతే అందులోనూ మనసు శబ్దాన్ని నెమరువేసి లెక్కపెట్టగలదన్న అభ్యంతరం ఒకటి ఉంది, అది సబబే. అందుకే పాఠాలు సగం దాటిన తరువాత రెండో అంకెను 10కి, ఆ తరువాత 12కి జరపడం మంచిది. పరీక్షకు కావలసినది ఎనిమిదే అయినా పన్నెండు అలవాటైన చెవికి ఆ గదిలోని ఆందోళన వల్ల కలిగే తగ్గుదలను తట్టుకునే శక్తి ఉంటుంది.

పాఠాల సంగతికి వస్తే, మొత్తం 40 ఉన్నాయి. మొదటి దానిలో కె, ఎం అన్న రెండే అక్షరాలు, ఆ తరువాత పాఠానికి ఒకటి చొప్పున అక్షరాలు, అంకెలు, కొన్ని విరామ చిహ్నాలు చేరుతూ ఉంటాయి. ఒక్కో సాధన నిమిషంపాటు సాగుతుంది. ఐదేసి అక్షరాల గుంపులు, అర్థం లేకుండా కలగాపులగంగా వినిపిస్తాయి. విన్నది గడిలో టైపు చేసి సరిచూడమంటే, పంపిన పాఠమూ మనం రాసినదీ పక్కపక్కన పెట్టి తప్పులను ఎర్రగా చూపి, శాతం చెబుతుంది. ఇంతకు మించిన ఆడంబరం లేదు. నక్షత్రాలు, పతకాలు, మెచ్చుకోలు మాటలు వెదజల్లే ఫోను యాప్‌ల పక్కన ఈ పేజీలు వెలవెలబోతున్నట్టు కనిపించవచ్చు. కాని ఆ యాప్‌లలో చాలావాటిలో శబ్దంతో పాటు చుక్కలూ గీతలూ తెరమీద కనిపిస్తాయి. కన్ను అక్కడికి వెళ్ళిన క్షణంలో చెవి పని మానేస్తుంది. ఈ సాధనలో వినడం, రాయడం తప్ప మరో ఆసరా లేదు, అది కావాలని చేసిన ఏర్పాటు. పేజీ అందంగా లేదన్న ఫిర్యాదును నేను లోపంగా లెక్కించను.

అక్షరాల వరుసలోనూ ఆలోచన ఉంది. ఎ, బి, సి అని వర్ణక్రమంలో పోతే గాని, ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు అని పోతే గాని అక్షరాల మధ్య పోలికలే మెదడులో నాటుకుంటాయి. ఎస్ మూడు డిట్‌లు, హెచ్ నాలుగు, 5 అంకె ఐదు. ఈ మూడింటినీ ఒకేసారి నేర్పితే చెవి లెక్కపెట్టక తప్పదు. ఇక్కడ ఎస్ తొలి పాఠాలలోనే వస్తుంది, 5 చాలా తరువాత గాని రాదు, హెచ్ ఇంకా కొంత దూరం పోయాక వస్తుంది. అప్పటికి ఎస్ స్వరూపం చెవిలో స్థిరపడి ఉంటుంది. అయినా హెచ్ చేరిన పాఠంలో అందరి శాతమూ పడిపోతుంది. అలాగే యు దగ్గరికి వి, వి దగ్గరికి 4, బి దగ్గరికి 6, జె దగ్గరికి 1 చేరినప్పుడు కూడా. ఇది నేర్చుకునేవారి తెలివికి సంబంధించిన విషయం కాదు, శబ్దాల మధ్య ఉన్న పోలికకు సంబంధించిన విషయం. ఇటువంటి చోట పాఠాన్ని పదేపదే వినడం కంటే, ఇదే సేవలో 'మోర్స్ మెషీన్' అన్న పేరుతో ఉన్న మరో సాధనకు వెళ్ళడం మేలు. అది ఒక అక్షరం వినిపించి, సరైన మీట నొక్కేవరకు వేచి ఉంటుంది. ఏ అక్షరం దగ్గర మనం తడబడుతున్నామో గమనించి, దాన్నే మాటిమాటికీ వినిపిస్తుంది. ప్రతి అక్షరానికీ ఒక పట్టీ తెరమీద పెరుగుతూ తరుగుతూ మన బలహీనతలను చూపుతుంది. హెచ్, 5 తగవును తీర్చడానికి ఇంతకంటే తిన్నని మార్గం నేను ఎక్కడా చూడలేదు. దీని వరకే చెప్పాలంటే ఇది సాధనకు పక్కవాద్యం లాంటిది కాదు, ప్రధాన పాఠంతో సమానంగా రోజూ కాసేపు చేయవలసినది.

తొంభై శాతం నియమాన్ని కొందరు మరీ ఉదారమైనదని విమర్శిస్తారు. నూటికి నూరు రానిదే కదలకూడదన్న పట్టుదలతో ఐదో పాఠం దగ్గరే నెలలు గడిపేవారు ఉన్నారు. పాత అక్షరాలన్నీ ప్రతి కొత్త పాఠంలోనూ మళ్ళీ వస్తూనే ఉంటాయి కాబట్టి ఆ పట్టుదల అనవసరం. తొంభై దాటగానే కదలాలి. 40 పాఠాలూ పూర్తయిన తరువాత కచ్చితత్వం మీద దృష్టి పెట్టాలి. అప్పుడు 'కోడ్ గ్రూపులు' అన్న విభాగంలో సాధన వ్యవధిని ఐదు నిమిషాలకు పెంచుకుని, పరీక్షలో అడిగినంత నిడివి గల పాఠాన్ని వినాలి. నిమిషం సాధనలో తొంభై ఐదు వచ్చినవారికి ఐదు నిమిషాల సాధనలో మూడో నిమిషం తరువాత ఏకాగ్రత చెదరడం మామూలే. ఆ మూడో నిమిషాన్ని దాటించే శిక్షణ విడిగా కావాలి.

పరీక్ష రాసేవారు గమనించవలసిన మరో సంగతి రాత. ఎల్‌సీడబ్ల్యూఓ కీబోర్డు మీద టైపు చేయమంటుంది, పరీక్షలో మాత్రం కలమో పెన్సిలో పట్టుకుని కాగితం మీద రాయాలి. నిబంధనలు దస్తూరి గురించి కూడా మాట్లాడుతాయి. చదవలేని రాత, దిద్దిరాతలు అభ్యర్థిని అనర్హుణ్ణి చేయగలవు. కాబట్టి మొదటి పాఠంనుంచే కాగితం మీద రాసి, ఆ తరువాత తీరికగా గడిలో టైపు చేసి సరిచూసుకోవాలి. టైపు చేయడం రానివారికి, ఫోనులో సాధన చేసేవారికి కూడా ఇదే ఉత్తమం. లేకపోతే అక్షరం తెలిసి కూడా మీట వెతుక్కునేలోగా తరువాతిది దాటిపోతుంది. పెద్ద అక్షరాలను ఒక్కొక్కటిగా ఎత్తి రాసే బదులు చిన్న అక్షరాలతో రాస్తే చేతికి శ్రమ తగ్గుతుందని కొందరి అనుభవం. ఏ అలవాటైనా ఒకటే పాటించడం ముఖ్యం. పట్టుబడని అక్షరం దగ్గర చిన్న గీత గీసి వెంటనే ముందుకు కదలడం కూడా ఇప్పుడే అలవరచుకోవాలి. వదిలేసిన అక్షరం ఒక తప్పుతో పోతుంది, దాని కోసం ఆగితే వెనుక వచ్చే రెండు మూడు అక్షరాలు కూడా పోతాయి. ఐదు తప్పుల పరిమితిలో ఈ తేడా చాలా పెద్దది.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. మన పరీక్షలో శబ్దాన్ని యంత్రంతోనైనా చేతితోనైనా పంపవచ్చు. చేతితో పంపేవారు ఎనిమిది పదాల వేగానికి తగ్గట్టు అక్షరాన్నే సాగదీసి పంపే అవకాశం ఉంది. 20 పదాల వేగంతో అక్షరాలను గుర్తుపట్టే చెవికి, ఆ సాగిన కె మొదటిసారి వింటే కొత్తగా తోస్తుంది. పరీక్షకు ముందు కొన్నాళ్ళు ఆ రెండు గళ్ళలో మొదటిదాన్ని కూడా 10కి, 8కి తగ్గించి వినడం అవసరం. శబ్దం ఇదివరకే చెవిలో స్థిరపడి ఉంటుంది కాబట్టి ఈ దశలో నెమ్మది శబ్దం హాని చేయదు. పరీక్షలో అర్థవంతమైన పాఠమే వస్తుంది గనుక 'ప్లెయిన్ టెక్స్ట్' విభాగాన్ని కూడా ఇప్పుడే వాడుకోవాలి. అర్థం లేని గుంపులకు అలవాటుపడినవారికి అర్థం ఉన్న పాఠం సులువుగా ఉంటుందన్న భ్రమ ఉంటుంది. నిజానికి టి, హెచ్ వినగానే మన చేయి ఇ రాసేస్తుంది, వినిపించేది మాత్రం ఎ అయి ఉండవచ్చు. ముందుగా ఊహించి రాయడం వల్ల వచ్చే తప్పును గుంపుల సాధన ఎంతమాత్రం బయటపెట్టదు.

పరీక్ష అవసరం తీరాక, బ్యాండు మీద నిజంగా మాట్లాడుకోవడానికి కావలసిన వేగం గురించి చెప్పుకోవాలి. 1897, 1899 సంవత్సరాలలో బ్రయాన్, హార్టర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు తంతి ఉద్యోగుల మీద జరిపిన అధ్యయనం మనస్తత్వ శాస్త్రంలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. పంపే వేగం నిలకడగా పెరుగుతూ పోగా, వినే వేగం కొంత దూరం పెరిగి చాలాకాలం ఒకే మట్టంలో ఆగి, మళ్ళీ పెరగడం వారు గమనించారు. అక్షరాలను పట్టుకునే దశనుంచి పదాలను పట్టుకునే దశకు మెదడు మారుతున్న కాలంగా ఆ మట్టాన్ని వారు వివరించారు. ఎల్‌సీడబ్ల్యూఓలో 40 పాఠాలు ముగించి, రోజూ అవే గుంపులు వింటూ 15 పదాల దగ్గర నిలిచిపోయినవారి సమస్య సరిగ్గా ఇదే. ఐదక్షరాల గుంపులు అక్షర దశను గట్టిపరుస్తాయి, పద దశకు మాత్రం తీసుకుపోలేవు. మరింత కష్టపడితే దాటగలమని అదే సాధనను రెట్టింపు చేసేవారిని చూస్తే బాధ కలుగుతుంది. అక్కడ కావలసినది మరో రకం సాధన, అదృష్టవశాత్తు అది కూడా ఈ సేవలోనే ఉంది.

పద సాధనలో ఒక్కో పదం విడిగా వినిపిస్తుంది, అది పూర్తయ్యాక టైపు చేస్తాం. సరిగా రాస్తే వేగం పెరుగుతుంది, తప్పితే తగ్గుతుంది. మన శక్తి అంచు ఎక్కడ ఉందో అక్కడికే అది తీసుకెళ్ళి నిలబెడుతుంది. పదం ముగిసేవరకు చేయి కట్టుకుని వినవలసి రావడం వల్ల, అక్షరం అక్షరంగా రాసే అలవాటు మెల్లగా సడలి, పదం మొత్తాన్ని మనసులో నిలుపుకునే శక్తి వస్తుంది. కాపీ చేసేటప్పుడు, అంటే విన్నది రాసుకునేటప్పుడు, రెండు మూడు అక్షరాలు వెనకబడి రాయగల నేర్పు అక్కడే పుడుతుంది. కాల్‌సైన్ల (ఒక్కో హామ్‌కు కేటాయించిన గుర్తింపు సంకేతాల) సాధన కూడా ఇదే తీరులో నడుస్తుంది. అక్షరాలూ అంకెలూ కలిసి వచ్చే ఆ ముక్కలను ఒక్క వినికిడిలో పట్టడం, పోటీలలో పాల్గొనదలచినవారికి ప్రాణాధారం. నిజమైన హామ్‌ల కాల్‌సైన్లే వినిపిస్తాయి గనుక, మన వీయూ2, వీయూ3లతో పాటు శ్రీలంక 4ఎస్7, సింగపూర్ 9వీ1 వంటి ఉపసర్గలు ప్రయత్నం లేకుండానే పరిచయమవుతాయి. దీన్ని తేలిక ఆటగా చూసి దాటవేయవద్దని నా మనవి. వేగం పెంచుకోదలచినవారు గుంపుల సాధనను సగానికి తగ్గించి, మిగిలిన సమయాన్ని ఈ రెండింటికీ ఇవ్వాలి.

తాము రాసుకున్న పాఠాన్నే మోర్స్‌గా మార్చుకుని వినే సౌకర్యం కూడా ఉంది. దాన్ని తక్కువమంది వాడుకుంటారు. ఒక సంభాషణ మామూలుగా ఎలా సాగుతుందో, సీక్యూతో (అందరికీ పిలుపు) మొదలై సిగ్నల్ నివేదిక, పేరు, ఊరు, రిగ్గు (రేడియో సెట్టు), ఆంటెనా, వాతావరణం మీదుగా 73తో (శుభాకాంక్షలు) ముగిసేవరకు, రాసిపెట్టుకుని తమకు కావలసిన వేగంతో వింటూ ఉంటే, బ్యాండు మీద మొదటి సంభాషణకు ఉండే బెరుకు చాలావరకు పోతుంది. ఊరిని తెలిపే క్యూటీహెచ్ అన్న సంకేతం వెనుక హైదరాబాద్, విజయవాడ, తిరుపతి వంటి మన ఊళ్ళ పేర్లే పెట్టుకోవచ్చు. సిగ్నలు చక్కగా ఉందని చెప్పే 599 అన్న నివేదికలో తొమ్మిదికి బదులు ఎన్ అక్షరాన్ని పంపే ఆనవాయితీని కూడా ఈ విధంగానే చెవికి అలవాటు చేసుకోవాలి.

ఇక ఈ సేవ ఆగిపోయే హద్దులు. ఇక్కడ వినిపించే శబ్దం నిర్మలమైనది, యంత్రం కొలిచి పంపినది. 7 మెగాహెర్ట్జ్ బ్యాండు మీద రాత్రిపూట వినిపించే సిగ్నలు అలా ఉండదు. అది ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, పక్కనే మరో స్టేషను దూరుతుంది, ఉరుముల చిటపటలు అడ్డుపడతాయి. పంపేవారి చేతివాటం కూడా ఒక్కొక్కరిది ఒక్కో తీరు. కొందరి 'డా'లు మరీ పొడుగు, కొందరి పదాల మధ్య ఖాళీయే ఉండదు. నిశ్శబ్దమైన గదిలో 20 పదాలు తొణక్కుండా రాసేవారు మొదటిసారి రిసీవరు ముందు కూర్చుని 12 కూడా పట్టలేకపోవడానికి కారణం ఇదే. దీనికి ఎల్‌సీడబ్ల్యూఓ ఇచ్చే సాయం తక్కువ. విండోస్‌లో పనిచేసే జీ4ఎఫ్ఓఎన్ కోచ్ ట్రైనర్ అన్న ప్రోగ్రాములో రొదనూ అడ్డు సిగ్నళ్ళనూ కలిపి వినవచ్చు. మోర్స్ రన్నర్ అన్న ఉచిత ప్రోగ్రాము అయితే పోటీలో ఒకేసారి అనేకులు పిలిచే రభసను యథాతథంగా వినిపిస్తుంది. సొంత రిసీవరు లేనివారికి నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో ఉన్న వెబ్‌ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్ ద్వారా వినగల రిసీవరు) ఒక వరం. బ్రౌజరులో దాన్ని తెరిచి 7 మెగాహెర్ట్జ్ బ్యాండు అడుగు భాగానికి, లేదా 14 మెగాహెర్ట్జ్ బ్యాండు అడుగు భాగానికి వెళితే, ఆ క్షణంలో యూరపులో వినిపిస్తున్న నిజమైన సీడబ్ల్యూ చెవిన పడుతుంది. కోర్సు సగం దాటగానే రోజూ కొంతసేపు అక్కడ గడపాలి. అంతా అర్థం కాకపోయినా సీక్యూ, డీఈ ('ఫలానావారి నుంచి'), 73 వంటి మాటలు రొద మధ్యనుంచి తమంతట తామే తేలిరావడం మొదలవుతుంది. అమెరికాలో హామ్‌ల సంఘమైన ఏఆర్‌ఆర్‌ఎల్ కేంద్ర స్టేషను డబ్ల్యూ1ఏడబ్ల్యూ ప్రసారం చేసే సాధన పాఠాలు ఫైళ్ళ రూపంలో కూడా దొరుకుతాయి. వివిధ వేగాలలో అర్థవంతమైన సుదీర్ఘ పాఠం కావాలన్నవారికి అవి మంచి తోడు.

ఎల్‌సీడబ్ల్యూఓకు ఎదురు నిలిచే ప్రత్యామ్నాయం ఏదైనా ఉందంటే అది మనుషులు నేర్పే తరగతే. సీడబ్ల్యూఆప్స్ అన్న అంతర్జాతీయ క్లబ్బు నడిపే సీడబ్ల్యూ అకాడమీ కూడా ఉచితమే. చిన్న బృందంగా, వారానికి రెండు తరగతుల చొప్పున ఎనిమిది వారాలు స్వచ్ఛంద ఉపాధ్యాయుడు వీడియోలో నేర్పుతారు. చేతితో పంపడం కూడా మొదటినుంచీ అందులో భాగం. ఒంటరిగా మొదలుపెట్టి మధ్యలో మానేసే స్వభావం ఉన్నవారికి నేను అదే సూచిస్తాను, ఎందుకంటే వారానికి రెండుసార్లు ఎవరో ఎదురుచూస్తున్నారన్న సంగతి ఏ యంత్రమూ ఇవ్వలేని క్రమశిక్షణను ఇస్తుంది. మన వేళలకు కుదిరే బృందం దొరకడమే అక్కడి ఇబ్బంది. తన వేళకు తాను, తన వేగంతో తాను సాగగలవారికి ఎల్‌సీడబ్ల్యూఓ చాలు. రోజుకు గంట ఒకేసారి కూర్చోవడం కంటే, పదిహేను నిమిషాల చొప్పున ఉదయమూ సాయంత్రమూ విడదీసి చేయడం చెవికి ఎక్కువ మేలు చేస్తుంది. అలసిన చెవి విన్నదాన్ని నిలుపుకోలేదు.

అన్నిటికంటే పెద్ద లోటు, ఈ సేవ వినికిడికే పరిమితం కావడం. మన పరీక్షలో సగం పంపడమే. దానికి ఒక స్ట్రెయిట్ కీ (చేత్తో నొక్కే సాదా మోర్స్ కీ), ఒక చిన్న ఆసిలేటరు (శబ్దం పుట్టించే పరికరం), విని తప్పు చెప్పగల ఒక మనిషి కావాలి. ఈ మూడోది అందరికీ దొరకదు. హైదరాబాదులో 1983నుంచి ఉన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వంటి చోట్లకు వెళ్ళగలవారు, లేదా దగ్గరలో సీనియర్ హామ్ ఉన్నవారు ఆ అవకాశాన్ని వదులుకోకూడదు. అంతవరకూ ఒంటరిగా సాధన చేయవలసినవారు అక్షరాలన్నీ చెవికి పట్టుబడేవరకు కీని ముట్టుకోకుండా ఉండాలి. సరైన శబ్దం చెవిలో లేనిదే చేయి దాన్ని పుట్టించలేదు, తప్పు లయ ఒకసారి మణికట్టుకు పట్టిందంటే వదిలించుకోవడం చాలా కష్టం. ఆ తరువాత ఈ సేవలోనే ఒక పాఠాన్ని 8 పదాల వేగంతో వినిపింపజేసుకుని, దానితో పాటు కీ నొక్కుతూ లయ కలుపుకోవచ్చు. తాము పంపినదాన్ని ఫోనులో రికార్డు చేసి, పాఠం మరిచిపోయేంత వ్యవధి ఇచ్చి, కొన్నాళ్ళ తరువాత కాగితం మీద కాపీ చేసి చూడాలి. రాయలేకపోయిన చోటల్లా లోపం డిట్‌లో ఉందో, 'డా'లో ఉందో, అక్షరాల మధ్య ఖాళీలో ఉందో విని గుర్తించి, ఆ అక్షరాలను మళ్ళీ ఎల్‌సీడబ్ల్యూఓలో విన్న తరువాతనే కీ పట్టాలి.